వీర్యకణాలను ల్యాబ్‌లో ‘బాగుచేయడం’ అంటే ఏమిటి? ఏరివేతకూ మరమ్మతుకూ మధ్య తేడా

సంతాన చికిత్సలో సెమెన్ వాష్, అంటే వీర్యాన్ని కడిగి కణాలను వేరుచేయడం, అయ్యాక ల్యాబ్ ఇచ్చే కాగితంలో రెండు వరసలుంటాయి. వాష్‌కు ముందు మొటిలిటీ (ముందుకు ఈదే కణాల వాటా) 30 శాతం, తర్వాత 90 శాతం. అది చూసిన చాలామంది దంపతులు ఏదో మందు కలిపి కణాలను హుషారు చేశారనుకుంటారు. ‘వీర్యకణాల నాణ్యత పెంచే అధునాతన పద్ధతులు’ అంటూ వచ్చే ప్రకటనలు కూడా ఆ అర్థమే స్ఫురించేలా ఉంటాయి. ఆ 30, 90 అంకెల లెక్క విప్పి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది.

30 శాతం 90 ఎలా అయింది?

ఒక నమూనా తీసుకుందాం. వీర్యం 2.5 మి.లీ. వచ్చింది. మి.లీ.కి 20 మిలియన్ల కణాలున్నాయి (ఒక మిలియన్ అంటే పది లక్షలు). మొత్తం 50 మిలియన్లు. వాటిలో 30 శాతం, అంటే 15 మిలియన్లు చురుగ్గా ముందుకు ఈదుతున్నాయి. మిగతా 35 మిలియన్లు అక్కడక్కడే కొట్టుకుంటున్నవో, కదలనివో, చనిపోయినవో.

వాష్ ముగిశాక అర మి.లీ. ద్రవంలో మొత్తం 6 మిలియన్ల కణాలు మిగిలాయి. వాటిలో 90 శాతం, అంటే 5.4 మిలియన్లు ఈదుతున్నాయి. శాతం మూడింతలైంది. ఈదే కణాల సంఖ్య మాత్రం 15 నుంచి 5.4 మిలియన్లకు పడిపోయింది. ఈదలేని ఒక్క కణానికీ ఈత రాలేదు. పనికిరానివి 35 మిలియన్ల నుంచి 0.6 మిలియన్లకు తగ్గాయి, అంతే. ఆ క్రమంలో మంచివి కూడా సగానికి పైగా పోయాయి. చాటలో చెరిగితే తాలుతోపాటు నాలుగు గట్టి గింజలూ ఎగిరిపోవడం లాంటిదే ఇది.

గర్భం కోసం చేసే ఐయూఐ, ఐవీఎఫ్, ఇక్సీ చికిత్సల్లో ఏ దారి పట్టాలో తేల్చడంలో శాతం కన్నా ఈ 5.4 మిలియన్లకే బరువు ఎక్కువ. ఐయూఐలో వాష్ చేసిన కణాలను సన్నటి గొట్టంతో గర్భాశయంలోకి పంపుతారు. ఈదే కణాలు 5 మిలియన్లకు పైగా ఉంటే చాలా కేంద్రాలు ధైర్యంగా చేస్తాయి, ఒక మిలియన్‌ లోపయితే ఆశలు బాగా తగ్గుతాయి. మామూలు ఐవీఎఫ్‌లో, అంటే అండాన్నీ కణాలనూ ఒంటి బయట ల్యాబ్‌లో కలిపే పద్ధతిలో, డిష్‌లోని ఒక్కో అండానికి 50 వేల నుంచి లక్ష వరకు ఈదే కణాలను వదులుతారు. ఇక్సీలో అండానికి ఒక్క కణమే చాలు, సన్నటి సూదితో నేరుగా లోపలికి ఎక్కిస్తారు. బ్రస్సెల్స్ నుంచి 1992లో ఈ పద్ధతి లోకానికి తెలిశాక ‘ఎన్ని’ అనే ప్రశ్న వెనక్కి వెళ్లి ‘ఏది’ అనే ప్రశ్న ముందుకొచ్చింది. కొత్త పద్ధతులన్నీ ఆ ప్రశ్న చుట్టూ పుట్టినవే.

రిపోర్టులో అంకెలు ఏం చెబుతాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన వీర్యపరీక్ష కరదీపిక ఆరో సంచిక ప్రకారం కింది హద్దులివి: వీర్యం 1.4 మి.లీ., మి.లీ.కి 16 మిలియన్ల కణాలు, మొత్తం 39 మిలియన్లు, ముందుకు ఈదేవి 30 శాతం, బతికున్నవి 54 శాతం, ఆకారం సరిగా ఉన్నవి 4 శాతం. ఆ చివరి అంకె చూసి కంగారుపడనివాళ్లు తక్కువ. ‘నూటికి 96 వంకరవా?’ అని. అక్కడ కొలమానమే అంత కఠినం. పైగా ఇవి పాస్ మార్కులు కావు. ఏడాదిలోపే గర్భం నిలిచిన దంపతుల్లోని మగవాళ్లను వరసలో నిలబెడితే అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత ఇది. గీత కింద ఉన్నవాళ్లకూ పిల్లలు పుట్టారు. పైన ఉన్నవాళ్లందరికీ పుడతారన్న హామీ లేదు.

అసలు కడగడం ఎందుకు?

వీర్యద్రవంలో ప్రోస్టాగ్లాండిన్లుంటాయి. కడగకుండా గర్భాశయంలోకి పంపితే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. ద్రవంతోపాటు తెల్లకణాలు, చచ్చిన కణాలు, బ్యాక్టీరియా కూడా ఉంటాయి. తెల్లకణాలు, దెబ్బతిన్న వీర్యకణాలు వదిలే చురుకైన ఆక్సిజన్ రసాయనాలు పక్కనున్న మంచి కణాల పొరనూ డీఎన్ఏనూ కొరుకుతాయి. అందుకే వీర్యం పలచబడగానే, సాధారణంగా అరగంట నుంచి గంటలోపు, కణాలను దానినుంచి విడదీస్తారు. హెచ్ఐవీ ఉన్న భర్త నుంచి భార్యకు సోకకుండా గర్భం కోసం ఇటలీలో మొదలైన పద్ధతికీ మూలం ఇదే. వైరస్ ప్రధానంగా ద్రవంలో, తెల్లకణాల్లో ఉంటుంది కాబట్టి వాటిని తప్పిస్తారు.

గ్రేడియంట్: ఉప్పు నీటిలో వరి విత్తనం

నారు పోయబోయే ముందు వరి విత్తనాన్ని ఉప్పు నీటిలో పోయడం రైతులకు తెలిసిన పనే. నీటిలో కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి గింజలు పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుగుకు చేరుతుంది. తర్వాత ఆ గింజలను మంచి నీటితో కడుగుతారు, లేకపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది. డెన్సిటీ గ్రేడియంట్ అచ్చంగా ఇదే పని. ఉప్పు నీటి బదులు సిలికా రేణువుల ద్రవం, గురుత్వాకర్షణ బదులు సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రం.

కోను ఆకారపు గొట్టంలో అడుగున 80 శాతం గాఢత ఉన్న ఆ సిలికా ద్రవం 1 మి.లీ., దానిమీద గీత చెదరకుండా 40 శాతం ద్రవం 1 మి.లీ., ఆపైన వీర్యం 1 మి.లీ. పోస్తారు. 300 నుంచి 400 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్లు) బలంతో 15 నుంచి 30 నిమిషాలు తిప్పుతారు. బాగా పండిన వీర్యకణం తలలో డీఎన్ఏ గట్టిగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి దాని సాంద్రత సుమారు 1.10. అది రెండు పొరలూ దాటి అడుగుకు దిగుతుంది. పచ్చివి, మెడ దగ్గర అదనపు పదార్థం వేలాడేవి తేలికగా ఉండి మధ్య గీతల దగ్గర ఆగిపోతాయి. అడుగున మిగిలే చిన్న చుక్కను పెల్లెట్ అంటారు. దాన్ని 5 మి.లీ. మీడియంలో (కణాలను బతికించి ఉంచే ద్రవంలో) కలిపి 200 జీ దగ్గర 4 నుంచి 10 నిమిషాలు తిప్పి సిలికాను కడిగేస్తారు. గింజలను మంచి నీటితో కడగడమన్నమాట.

పెల్లెట్ తీసే తీరులోనే పనితనం తెలుస్తుంది. పైపొరలను పైనుంచే ఒక్కొక్కటిగా లాగేసి, పిపెట్ మార్చి, కొత్తదానితో అడుగు చుక్కను తీయాలి. పాత పిపెట్‌నే కిందికి దించితే దాని గోడలకంటిన వీర్యద్రవం, బ్యాక్టీరియా శుభ్రమైన చుక్కలో కలుస్తాయి. అరగంట శ్రమ అక్కడే పోతుంది.

స్విమ్ అప్: ఈదగలిగినవే పైకి

ఇందులో బరువు సంగతి లేదు, ఈతే పరీక్ష. గొట్టంలో 1 మి.లీ. వీర్యం మీద 1.2 మి.లీ. మీడియం నెమ్మదిగా పోసి, గొట్టాన్ని 45 డిగ్రీలు వాల్చి 37 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. వాల్చడం వల్ల రెండు ద్రవాలు తాకే వైశాల్యం పెరుగుతుంది. గంట తర్వాత పైనున్న 1 మి.లీ. తీసి, మీడియంతో పలచన చేసి, మరోసారి తిప్పి అర మి.లీ.లో సర్దుతారు.

వచ్చే కణాలు శుభ్రమైనవే, కానీ తక్కువ. ఈదే కణాల్లో ఐదో వంతు కూడా దక్కదు. మన నమూనాలోని 15 మిలియన్లలో 15 శాతం దక్కిందనుకుంటే 2.25 మిలియన్లే. అందుకే కౌంట్ బాగున్నవాళ్లకు స్విమ్ అప్, తక్కువున్నవాళ్లకు గ్రేడియంట్ అన్న వాడుక ఏర్పడింది.

చెడేది ఎక్కడ?

అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు జీకీ ఆర్పీఎంకీ (నిమిషానికి ఎన్ని చుట్లన్న లెక్కకీ) తేడా చూడకపోవడం. పద్ధతి పుస్తకం 300 జీ అంటుంది, యంత్రం మీద ఆర్పీఎం మీట ఉంటుంది. ‘మా దగ్గర 1500లో తిప్పుతాం’ అని ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కు నోటిమాటగా పాకుతుంది. లెక్క ఇది: జీ విలువ = 0.00001118 × వ్యాసార్ధం సెం.మీ.లో × ఆర్పీఎం × ఆర్పీఎం. ఇరుసు నడుమనుంచి గొట్టం అడుగుదాకా 10 సెం.మీ. ఉంటే 1500 ఆర్పీఎం దగ్గర 252 జీ వస్తుంది. అదే 17 సెం.మీ. ఉన్న పెద్ద యంత్రంలో 428 జీ. మీట మీద అంకె ఒకటే, ఒత్తిడి ఒకటిన్నర రెట్లకు పైమాటే. మొదటిదానిలో మంచి కణాలు పైపొరల్లోనే చిక్కుకుంటాయి, రెండోదానిలో చెత్త కూడా అడుగుకు దిగుతుంది. చివర్లో బ్రేక్ వేసి గబుక్కున ఆపితే పెల్లెట్ చెదురుతుంది. ఆగాక గొట్టాన్ని అలాగే వదిలేస్తే చురుకైన కణాలు పెల్లెట్‌లోంచి ఈదుకుంటూ బయటికి పోతాయి.

రెండోది, ఒక గొట్టం మీద ఎక్కువ పోయడం. మన 2.5 మి.లీ. మొత్తం ఒకే గ్రేడియంట్ మీద పోస్తే కణాలు గీత దగ్గర అట్టకట్టి చాపలా నిలిచిపోతాయి, కిందికి దిగవు. రెండు గొట్టాలకు పంచుకోవడమే మేలు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ద్రవాన్ని నేరుగా వాడటం, జిగట వీర్యాన్ని సన్న సూదిలోంచి బలంగా నెట్టడం కూడా ఇలాంటివే.

మూడోది కంటికి కనబడదు. పీహెచ్‌ను నిలకడగా ఉంచే హెపీస్ అనే రసాయనం ఉన్న మీడియం మామూలు గాలిలో పనిచేసేలా తయారైంది. బైకార్బొనేట్ మీడియానికి కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్, వదులు మూత కావాలి. ఒకదాన్ని ఇంకోచోట పెడితే పీహెచ్ తప్పి కదలిక మందగిస్తుంది. నింద మాత్రం ‘మీ నమూనా బాగాలేదు’ అని ఆ మనిషి మీద పడుతుంది.

నాలుగోది, గ్రేడియంట్ లేకుండా పచ్చి వీర్యాన్నే గట్టిగా తిప్పి పెల్లెట్ చేయడం. మంచీ చెడూ ఒకచోట అదుముకుని, దెబ్బతిన్నవి వదిలే ఆక్సిజన్ రసాయనాలు మంచివాటిని పాడుచేస్తాయని 1980ల చివరి పరిశోధనలే చూపించాయి. గ్రేడియంట్ కూడా నిర్దోషి కాదు. కొందరి నమూనాల్లో దాని తర్వాత డీఎన్ఏ చీలిక తగ్గకపోగా పెరిగినట్టు తేలింది.

డీఎన్ఏ చీలిక: కంటికి కనబడని నాణ్యత

వీర్యకణం తయారవుతున్నప్పుడు డీఎన్ఏను చుట్టి ఉంచే హిస్టోన్లు అనే ప్రొటీన్లలో ఎక్కువ భాగం పోయి వాటిచోట ప్రోటమిన్లు అనే వేరే ప్రొటీన్లు వస్తాయి. దాంతో డీఎన్ఏ మూట బిగుస్తుంది. మూట వదులుగా ఉన్నచోట పోగులు తెగుతాయి. పూర్తిగా తయారైన కణానికి తన డీఎన్ఏను అతికించుకునే యంత్రాంగం లేదు. ఆ పని ఫలదీకరణ తర్వాత అండం చేస్తుంది, వయసు పెరిగిన అండానికి ఆ శక్తి తగ్గుతుంది. ఒకే డీఎఫ్ఐ (డీఎన్ఏ చీలిన కణాల శాతం) అంకె 27 ఏళ్ల భార్య ఉన్న ఇంట్లో ఒకలా, 40 ఏళ్ల భార్య ఉన్న ఇంట్లో ఇంకోలా పనిచేయడానికి కారణం ఇదే.

దీన్ని కొలిచే పరీక్షలు చాలా ఉన్నాయి: ఎస్‌సీఎస్ఏ, టునెల్, ఎస్‌సీడీ, కామెట్. ఒక్కోటి కొలిచేది ఒక్కో తీరు. ఎస్‌సీఎస్ఏలో తరచూ చెప్పే 30 శాతం హద్దును తెచ్చి కామెట్ రిపోర్టుకు అంటగడితే తప్పు. ఇంకో చిక్కుంది. ఈ పరీక్షల్లో కణం చనిపోతుంది. పరీక్షించిన కణాన్ని వాడలేం, వాడే కణాన్ని పరీక్షించలేం. చెరువులో ఒక బిందె నీళ్లు పరీక్షించి చెరువు గురించి చెప్పడం లాంటిది.

కొత్త జల్లెడలు, వాటి చుట్టూ వాదనలు

మైక్రోఫ్లూయిడిక్ చిప్ సెంట్రిఫ్యూజ్ అవసరం లేకుండా పనిచేస్తుంది. వీర్యాన్ని కింది గదిలో పోస్తారు. పైన అతి సన్నటి రంధ్రాల పొర, ఆపైన మీడియం. అరగంటలో ఈదగలిగిన కణాలు రంధ్రాలు దాటి పైకొస్తాయి. ఇలా వచ్చినవాటిలో డీఎన్ఏ చీలిక చాలా తక్కువని చాలా పరీక్షల్లో తేలింది. ఆ అంకె నిజమే. కానీ దానివల్ల బిడ్డలు ఎక్కువ పుడుతున్నారా అన్నదానికి ఫలితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు.

మాక్స్ పద్ధతిలో అయస్కాంతం ఉంటుంది. చావుకు సిద్ధమైన కణం తన పొర లోపలుండాల్సిన ఒక కొవ్వు పదార్థాన్ని బయటకు తిప్పుతుంది. దానికి అంటుకునే అనెక్సిన్ వీ అనే ప్రొటీన్‌ను ఇనుప రేణువులకు తగిలించి కలిపితే, చావబోయే కణాలు అయస్కాంతపు గొట్టంలో పట్టుబడతాయి, మిగతావి జారిపోతాయి.

ఇక్సీకి కణాన్ని ఎంచుకునే పిక్సీ అనే పద్ధతి గురించే కాస్త గట్టి రుజువుంది. పండిన వీర్యకణం అండం చుట్టూ ఉండే హైలురోనన్ అనే జిగురు పదార్థానికి అంటుకుంటుంది, పచ్చిది అంటుకోదు. ఆ పదార్థం పూసిన డిష్‌లో అతుక్కున్న కణాలనే ఇక్సీకి వాడతారు. బ్రిటన్‌లో 2,700కు పైగా దంపతులతో జరిగిన హ్యాబ్‌సెలెక్ట్ పరీక్ష ఫలితాలు 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. నెలలు నిండి బతికిన కాన్పులు పిక్సీలో 27.4 శాతం, మామూలు ఇక్సీలో 25.2 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చని గణాంకాలు చెప్పాయి. గర్భస్రావాలు మాత్రం 4.3 శాతం, 7.0 శాతం. ఇక్కడే వైద్యులు రెండుగా చీలారు. ‘ప్రధాన ప్రశ్నకు జవాబు కాదనే వచ్చింది కదా, అందరి దగ్గరా డబ్బు ఎందుకు?’ అంటారు ఒకరు. ‘వరుసగా గర్భం పోతున్నవాళ్లకు ఆ రెండో అంకె చిన్నదా?’ అంటారు ఇంకొకరు. రెండో వాదన తీసిపారేసేది కాదు. అయితే గర్భస్రావం ఆ పరీక్షలో పక్క ప్రశ్న మాత్రమే. దాన్నే ప్రధాన ప్రశ్నగా పెట్టి మళ్లీ తేల్చేదాకా అది ఆశే తప్ప రుజువు కాదు.

ఇక్సీలో సాధారణంగా 400 రెట్లు పెద్దదిగా చూస్తారు. ఇమ్సీ అనే పద్ధతిలో 6,000 రెట్లకు పైగా పెంచి తలలోని బుడగల్లాంటి గుంతలను వెతుకుతారు. వెతకడానికి గంటలు పడుతుంది, అంతసేపూ కణాలు వెచ్చటి పలక మీద అలసిపోతుంటాయి. మామూలు ఇక్సీ కన్నా మేలని నికరంగా తేలలేదు. యూరప్ సంతాన వైద్యుల సంఘం 2023లో అదనపు సేవల మీద ఇచ్చిన సూచనల్లో ఈ పద్ధతులను అందరికీ మామూలుగా వాడమనలేదు.

నిజంగా కణాన్ని కదిలించేవి

ఏరివేత కాకుండా కణం మీద పనిచేసేవి లేకపోలేదు. వృషణం నుంచి శస్త్రచికిత్సతో తీసిన కణాలు తరచూ కదలవు. చనిపోయాయా, ఈత నేర్వలేదా అన్నది చూపుతో తేలదు. చుక్కలో పెంటాక్సిఫిలిన్ అనే మందు కలిపితే కణం లోపల తోకను కదిలించే సీఏఎంపీ అనే రసాయనం పెరిగి బతికున్నవాటి తోకలు కాసేపటికి వణుకుతాయి. ఆ కణాన్ని పట్టి, శుభ్రమైన చుక్కల్లో కడిగి అండంలోకి పంపుతారు. మందు అండం దాకా పోకూడదన్నది జాగ్రత్త. ఇంకో దారి హాస్ పరీక్ష: కణాన్ని పలచటి ద్రవంలో వేస్తే బతికున్నదాని పొర నీటిని పీల్చి తోక ఉబ్బి చుట్టుకుంటుంది, చచ్చినదాని తోక బిర్రుగానే ఉంటుంది. ఈ రెండూ బతికున్నదాన్ని గుర్తించడానికే. పెంటాక్సిఫిలిన్ తెచ్చిన కదలిక తాత్కాలికం, డీఎన్ఏలో దానివల్ల మార్పేమీ రాదు.

ల్యాబ్ గుమ్మం బయట జరిగేది

వీర్యకణం తయారీకి సుమారు 74 రోజులు, ఎపిడిడిమిస్ (వృషణాన్ని అంటి ఉండే, కణాలు నిల్వ ఉండే గొట్టం) దాటడానికి మరికొన్ని రోజులు పడతాయి. ఈరోజు ఇచ్చిన నమూనాలో రెండున్నర, మూడు నెలల కిందటి చరిత్ర ఉంటుంది. అప్పుడొచ్చిన డెంగీ జ్వరం ఇప్పటి రిపోర్టులో కనబడుతుంది. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకుండా మళ్లీ పరీక్ష చేయించేది అందుకే.

జిమ్‌లో కండల కోసమో, ‘మగతనం’ కోసమో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు అది కౌంట్ పెంచుతుందనుకుంటారు. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. బయటినుంచి హార్మోన్ రాగానే మెదడు వృషణాలకు ఆజ్ఞలు ఆపేస్తుంది, కౌంట్ సున్నాకు కూడా పడిపోవచ్చు. ఆపేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఆంటీఆక్సిడెంట్ మాత్రల సంగతి కూడా అనుకున్నంత సూటిగా లేదు. అమెరికాలో 2,370 దంపతులతో జరిగిన పరీక్షలో మగవాళ్లకు ఆరు నెలలు రోజూ 5 మి.గ్రా. ఫోలిక్ ఆమ్లం, 30 మి.గ్రా. జింక్ ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం: ప్రసవాల్లో తేడా లేదు, డీఎన్ఏ చీలిక మాత్రల జట్టులోనే కాస్త ఎక్కువ. మరోవైపు చిన్న చిన్న పరీక్షల్లో మేలు కనబడిందని మాత్రలు రాసే వైద్యులున్నారు. మాత్ర కన్నా చవకైనది విరామం తగ్గించడం. మామూలు పరీక్షకు 2 నుంచి 7 రోజుల విరామం చెబుతారు. చీలిక ఎక్కువున్నవాళ్లలో ఒకటి రెండు రోజులకు తగ్గిస్తే కణాలు ఎపిడిడిమిస్‌లో నిల్వ ఉండి ఆక్సిజన్ దెబ్బ తినే సమయం తగ్గుతుంది. పరిమాణం, కౌంట్ కొంత తగ్గుతాయి, కాబట్టి ఇది ఇక్సీకి సరిపోయినంతగా ఐయూఐకి సరిపోదు. ఇదే తర్కాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి నేరుగా వృషణం నుంచే కణాలు తీసేవాళ్లున్నారు. అక్కడ చీలిక తక్కువే, కానీ వీర్యంలో కణాలున్న మనిషికి శస్త్రచికిత్స ఎందుకన్న ప్రశ్న ఇంకా తెగలేదు.

జల్లెడకు అందనివి

ఎక్స్, వై కణాలను వేరుచేయడం సాంకేతికంగా కొంతవరకు సాధ్యమే. ఎక్స్ ఉన్నదానిలో డీఎన్ఏ సుమారు 2.8 శాతం ఎక్కువ. పశువుల వీర్యంలో ఈ పని వాణిజ్యంగానే సాగుతోంది. మనుషుల్లో ఆడ, మగ ఎంపిక కోసం దీన్ని వాడటం మన దేశంలో నేరం. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని 2003లో సవరించి గర్భధారణకు ముందు జరిగే ఎంపికను కూడా అందులో చేర్చారు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కూడా దాన్ని నిషేధించింది.

వై క్రోమోజోమ్‌లో ముక్క పోయినవాళ్ల సంగతి వేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ మన దేశపు మగవాళ్లలో ఈ లోపాల మీద చాలా పని చేసింది. వై క్రోమోజోమ్‌లోని ఏజడ్ఎఫ్ అనే భాగంలో (దానికి ఏ, బీ, సీ అనే ముక్కలున్నాయి) సీ ముక్క పోతే కౌంట్ పడిపోయినా వృషణంలో వెతికితే కణాలు దొరికే అవకాశం ఉంది. అలా దొరికిన కణాలను ఎంత గొప్ప చిప్‌లో వడగట్టినా ఆ మనిషి వై కణాలన్నిటిలో అదే లోపం ఉంటుంది, పుట్టే కొడుక్కి అది సంక్రమిస్తుంది. ఏ, బీ ముక్కలు పూర్తిగా పోతే వృషణం కోసి వెతికినా కణం దొరకడం దాదాపు అసాధ్యం. రక్తం నుంచి చేసే ఆ పరీక్ష ఫలితం ముందే చేతిలో ఉంటే, ఆ కోత తప్పుతుంది.